ఎర్రప్ప గెలిపించిన నిషేధం

పొద్దు పొడవకముందే ఎర్రప్ప పథకం సిద్ధమైపోయింది. పది గంటలకు జీపులో ఆఫీసరు వస్తాడు. మద్యనిషేధం ఉంచాలా, తీసెయ్యాలా అని చావడి ముందర జనం చేత చేతులెత్తించి రాసుకుపోతాడు. ఊరూరా ఇదే పని. నిషేధం పోతే నాలుగు మైళ్ళ అవతలి బుక్కరాయసముద్రంలో సర్కారు సారాయంగడి వస్తుంది. అంగడి వస్తే, ఇంటి వెనక కుప్పగా వేసిన శెనక్కాయ కట్టె వామి చాటున ఎర్రప్ప దొంగతనంగా కాచే సరుకు ఎవడు తాగుతాడు? కాబట్టి నిషేధం ఉండి తీరాలి. అతనికి కూడు పెట్టే తల్లి అదే.

"నిషేధం ఉండాలని చెయ్యెత్తేవానికి ముందుగానే ఒక గలాసు," అని మగవాళ్ళందరికీ కబురు పెట్టాడు.

పది దాటింది. దారిలో జీపు ఇంజను కాగి నీళ్ళడిగింది. ఆ కరువులో మనుషులకే లేని నీళ్ళు జీపుకు దొరకడానికి మూడు గంటలు పట్టింది.

"ఏమప్పా ఎర్రప్పా, పొద్దున పోసిన గలాసుకు మద్యాన్నందాకా చెయ్యి నిలబడతాదా?" అన్నాడు చౌడప్ప, ఖాళీ గలాసు చాస్తూ.

రెండోది పోయక తప్పలేదు. పన్నెండింటికి మూడోది.

ఒంటిగంటకు ఆఫీసరు దిగి, ఊరివాళ్ళ చేత మెడలో దండ వేయించుకున్నాడు. నశ్యం పీల్చి పీల్చి ఆయన ముక్కు ఎప్పుడో పని మానేసింది. "నిషేధం ఉండాలనేవాళ్ళు చేతులెత్తండి," అన్నాడు. మగవాళ్ళు రెండేసి చేతులెత్తారు. దించమంటే దించలేదు. చౌడప్ప లేచి, "సారాయి నాశనం కావాల!" అని అరిచి, కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. డెబ్బై మంది మగవాళ్ళున్న ఊళ్ళో ఆఫీసరు వెంట వచ్చిన గుమాస్తాకు నూట ముప్పై ఎనిమిది ఓట్లు తేలాయి. ఒకడు నిద్రపోయాడు.

"తీసెయ్యాలనేవాళ్ళు?"

ఆడవాళ్ళంతా చేతులెత్తారు. ఆఫీసరు కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఎర్రప్ప పెండ్లాం కదిరమ్మ లేచింది.

"అంగడే పెట్టండి సామీ. నాలుగు మైళ్ళు నడవాలంటే ఈ సోమరోళ్ళు యాడ పోతారు? ఇప్పుడైతే ఇంటెనకనే..."

ఎర్రప్ప మాటకు అడ్డం దూకాడు. "విన్నారా సార్! అంగడి కావాలంట! నా పెండ్లామే. ఈ ఊరి ఆడోళ్ళందరూ ఇంతే. మేం ఎంత చెప్పినా మానరు."

"నీ నోట్లో మన్ను పడ!" అంది కదిరమ్మ.

ఆ మాటతో ఆఫీసరుకు ఉన్న అనుమానం కాస్తా తీరిపోయింది. మగవారు మహాత్ములు, స్త్రీలు తాగుబోతులు అని రాసుకున్నాడు. తన మెడలోని దండ తీసి ఎర్రప్పకు వేశాడు.

"ఇంట్లో ఇంత నరకం పెట్టుకొని కూడా నిషేధం కోసం నిలబడ్డావు! ఇద్దరు పోలీసులను తోడు పంపిస్తాను. ఆడవాళ్ళు దారికి వచ్చేదాకా వాళ్ళ మకాం మీ ఇంట్లోనే."

"మా ఇంట్లో చోటు యాడుండాది సార్?" అన్నాడు ఎర్రప్ప.

"ఎందుకు లేదు?" అంది కదిరమ్మ. "ఇంటెనక వామి పక్కన కావలసినంత నీడ ఉండాది. మంచాలు నేనే ఏస్తా."

వారం తిరిగేసరికి ఊరికి కావలసిన సరుకు చౌడప్ప కాస్తున్నాడు. మద్యనిషేధం నిక్కచ్చిగా అమలైన ఇల్లు ఆ ఊళ్ళో ఎర్రప్పది ఒక్కటే.