తుపాకీకి తలంటు

ఆ రోజు పల్లంరాజు పెట్టుకున్న పని ఒక్కటే: తండ్రి నాటి తుపాకీని సాయంత్రంలోగా స్టేషన్లో చూపించి లైసెన్సు నిలబెట్టుకోవడం. "ట్రిగ్గరు కదలని తుపాకీకి లైసెన్సు దేనికండీ? రద్దుకి రాసేస్తాను" అని ఎస్సై చెప్పేశాడు. భార్య రమాదేవి ఉన్నన్నాళ్ళూ ఏటా దసరాకి దాన్ని విప్పించి, కుట్టుమిషను నూనె తనే వేసేది. ఆమె పోయాక పల్లంరాజు దాన్ని ముట్టలేదు. మనుషులనూ పలకరించలేదు.

నరసాపురంలో మహేంద్ర నగల కొట్టుకి కొత్త మిషను వచ్చింది. తొట్టిలో నగ వేసి మీట నొక్కితే, చెవికి అందని మోత నీళ్ళను అదిరించి మురికి వదలగొడుతుంది. పల్లంరాజు తుపాకీ లోపలి ఇనుప ముక్కలు గుడ్డలో కట్టుకుని అక్కడికి వెళ్ళాడు.

"తూటాలేవీ లేవు కదండీ, రాజుగారూ?" మహేంద్ర గొంతు తగ్గించాడు.

"నాకు చెప్పకు. గొట్టం ఖాళీ అని రెండుసార్లు చూసే విప్పాను. తూటాలు ఇంట్లో తాళంలో ఉన్నాయి. కర్ర భాగం కూడా తేలేదు."

"అయితే ఉండండి. నీళ్ళు మార్చి వేస్తాను." ఇంతలో సెల్‌ఫోను మోగింది. సిగ్నలు కోసం మహేంద్ర వీధిలోకి వెళ్ళాడు.

పల్లంరాజు ఉండలేదు. మూత తీసి, ముక్కలన్నీ గుమ్మరించి, మీట నొక్కాడు. నురగ కింద టైలరు వీరవేణి గొలుసు ఉందని చూసుకోలేదు. క్షణంలో నీళ్ళు సిరాలా నల్లబడ్డాయి.

కుర్చీలో కూర్చున్న వీరవేణి ఎగిరి లేచింది. "నా గొలుసు! నా బంగారం మసైపోయిందండీ బాబూ! ఏంటండీ ఆ ఇనుము?"

"తుపాకీ" అన్నాడు పల్లంరాజు. ఎవరికీ రెండో మాట చెప్పే మనిషి కాడు.

ఆ ఒక్క మాటకి కొట్టు ఖాళీ అయింది. పరిగెత్తినవాళ్ళు "కొట్లో తుపాకీ!" అన్నారు. పక్క కొట్టువాడు షట్టరు దించుతూ "దోపిడీ!" అన్నాడు. వీధి చివర కాఫీ హోటలుకి చేరేసరికి దొంగలు ముగ్గురయ్యారు. పక్క కొట్టు షట్టరు వెనక దాక్కున్నవాళ్ళలో మహేంద్ర కూడా ఉన్నాడు. వీరవేణి మాత్రం గొలుసుని వదిలి కదల్లేదు.

ఎవరో స్టేషనుకి ఫోను కొట్టారు. జీపు దిగింది, లైసెన్సు రద్దన్న ఆ ఎస్సైయే.

"తుపాకీ ఏదండీ?"

"ఇంట్లో."

"మరి ఇక్కడున్నదేంటి?"

"దాని కడుపులోవి. తలంటు పోయిస్తున్నాను."

ఎస్సై మహేంద్రని పిలిపించి, గొలుసునీ ముక్కలనీ పైకి తీయించి, మంచినీళ్ళతో కడిగించి, ముక్కలు చూశాడు. తుప్పు లేదు, జిడ్డు లేదు. "బానే ఉందండీ. కానీ జిడ్డుతోపాటు నూనె కూడా పోయింది. ఇలా వదిలేస్తే ఈ ఉప్పుగాలికి మళ్ళీ పట్టేస్తాయి. నూనె తెచ్చారా?"

పల్లంరాజు తేలేదు. నూనె సంగతి ఎప్పుడూ రమాదేవిదే.

వీరవేణి విసురుగా సంచి తెరిచి, కుట్టుమిషను కోసం కొన్న నూనె డబ్బా తీసింది. "ఇలా తెండి. కడిగేస్తే అయిపోయిందనుకుంటారు మగాళ్ళు." ఒక్కో ముక్కా పొడిగా తుడిచి, చుక్క చుక్క వేసింది. అచ్చం రమాదేవిలాగే, తిట్టుకుంటూ.

ఎస్సై ట్రిగ్గరు ముక్కని పట్టి చూసి గుడ్డలో పెట్టాడు. "బిగించి సాయంత్రం పట్టుకురండి. కదిలితే సంతకం పెట్టేస్తాను."

భార్య పోయాక మొదటిసారి పల్లంరాజు ఒకరికి చేతులు జోడించాడు. "అమ్మా, నీ మేలు మర్చిపోను."

వీరవేణి వినలేదు. గొలుసు ఎంత అరిగిందోనని మహేంద్రచేత తూకం వేయిస్తోంది.