గోడకి హాజరు చాల్లేదు

ఆడేవాళ్లని ఆడనివ్వకపోవడమే అసలైన క్రీడాభివృద్ధి! నవ్వకండి. టైమ్ మేనేజ్‌మెంట్ బోధించే లెక్చరర్ని, ఆలోచించే అంటున్నాను. ఆలోచించడానికి మా స్టాఫ్ రూములో బోలెడు టైముంటుంది.

మా కాలేజీలో బంగారంలాంటి రూలొకటుంది. హాజరు తగ్గినవాళ్లకి టీమ్‌లో చోటు లేదు. ఎంత గొప్ప రూలండీ! బంతి ఆపడానికి ఉత్త చేతులు చాలుతాయా? టైమ్ మేనేజ్‌మెంట్ నిర్వచనం కంఠతా రావద్దూ? దూసుకొచ్చే బంతికి అది అప్పజెప్పి చూడండి, బంతే దణ్ణం పెట్టి వెనక్కి పోతుంది. నా క్లాసులో పిల్లలు అలాగే పోతుంటారు.

మా అమ్మాయిల ఫుట్‌బాల్ టీమ్‌కి ఓ గోల్‌కీపర్ ఉంది. బంతిని దాటనివ్వదని అందరూ 'గోడ' అంటారు. ఊరూరా తిరిగి ఆడి, టీమ్‌ని ఫైనల్ దాకా లాక్కొచ్చింది. ప్రిన్సిపాల్‌గారు స్టేజీ మీద ఆ పిల్లని పొగుడుతుంటే అరచేతులు మండేలా చప్పట్లు కొట్టాను. తను ఊళ్లో లేని రోజులన్నిటికీ ఆబ్సెంట్ వేసినవీ ఆ చేతులే.

"నన్ను పంపింది కాలేజీయే కదండీ సార్?" అంది.

"పంపింది కాలేజీయేనమ్మా. రానిది నువ్వు."

ఎంత బాగా చెప్పానో! ఇంటికెళ్లి మా ఆవిడకి రెండుసార్లు వినిపించాను. రెండోసారి ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

గోడ మొహం ఇంత చిన్నదైపోయింది. "ఇదే నా ఆఖరి ఏడాది సార్. ఈ ఫైనల్ ఒక్కటీ ఆడనివ్వండి."

నాదీ మనసేగా, కరిగింది. లెక్క చూస్తే ఒక్క క్లాసే తక్కువ. "ఫైనల్ రోజు మ్యాచ్‌కి ముందు నా క్లాసుంది. దానికి రా. హాజరేస్తాను, అట్నుంచటే గ్రౌండుకి పరిగెత్తు," అన్నాను. పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చూశారా, రూలు మనుషుల్ని ఎలా దగ్గర చేస్తుందో!

ఫైనల్ రోజు రానే వచ్చింది. ఆలస్యమైతే గ్యాలరీలో ముందు వరస దొరకదు. టైమ్ మేనేజ్‌మెంట్ అంటే అదే కదా! పెందలాడే వెళ్లి, రుమాలు పరిచి, దర్జాగా కూర్చున్నాను.

మ్యాచ్ మొదలైంది. గోల్ దగ్గర ఎవరో బక్కపిల్ల బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉంది. ఒక గోల్ పడింది. ఇంకోటి పడింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"గోడేదయ్యా? బొత్తిగా బాధ్యత లేదు ఈ కాలం పిల్లలకి!" అని గొంతు చించుకున్నాను.

నాలుగో గోల్ పడ్డాక ఫోన్ తీశాను. మెసేజ్ ఉంది. "సార్, క్లాసులోనే ఉన్నానండీ. ఎవరూ రాలేదు. మీరెప్పుడొస్తారు?"

పడుతూ లేస్తూ కాలేజీకి, నా క్లాసుకి పరిగెత్తాను. జెర్సీ వేసుకుని, బూట్ల లేసులు బిగించుకుని, ముందు బెంచీలో కూర్చుని ఉంది. గ్రౌండులో ఆఖరి విజిల్ ఇక్కడిదాకా వినిపించింది.

గోడ లేచి నిలబడింది. "ప్రెజెంట్ సార్," అంది.