భారతి దగ్గరికి వెళ్ళిన కైలాసం

ఆ ఉదయం కైలాసం పెట్టుకున్న పని చాలా చిన్నది. గడ్డం గీసుకుంటూ పాఠం ఒకసారి వల్లె వేసుకోవాలి, పది గంటలకల్లా ఆఫీసులో కంప్యూటర్ పరీక్షకు కూర్చోవాలి. చేనేత సంఘం వరంగల్ ఆఫీసుకు కొత్తగా కంప్యూటర్ వచ్చింది. పరీక్ష పాసైతే దాని ముందు కుర్చీ కైలాసానిది. తప్పితే పరకాల బదిలీ, రోజూ బస్సులో వేలాడటం.

ప్రోగ్రాంలో ఎక్స్, వై అని అక్షరాలు పెట్టుకుంటే గుర్తుండటం లేదని కైలాసం మొత్తుకుంటే, తెలిసినవాళ్ళ పేర్లు పెట్టుకొమ్మని పాఠం చెప్పే సారంగపాణి సారు సలహా ఇచ్చాడు. సలహా ఇచ్చేవాళ్ళదేం పోయింది! కైలాసం మెయిన్ ప్రోగ్రాంకు గౌరవంగా భార్య సరోజన పేరు పెట్టాడు. విలువ దాచుకునే వేరియబుల్‌కు తన పేరు పెట్టుకున్నాడు. ఇచ్చినదాని మీద పనిచేసి పంపించే ఫంక్షన్‌కు మాత్రం, ఎవరొచ్చినా సూదేసి పంపించే పక్క గల్లీ నర్సు భారతి పేరు తగిలించాడు.

అద్దం ముందు నిలబడి గట్టిగానే చదివాడు.

"కైలాసం భారతి కాడికి పోతడు. ఆర్గ్యుమెంట్ అయితది. లోపల ఏమన్న కానీ, సరోజనకు తెల్వది. బయటికొచ్చినంక కైలాసం ఎట్లున్నోడు అట్లనే ఉంటడు."

వంటింట్లో సరోజన చేతిలో గరిటె ఆగిపోయింది. కంప్యూటర్ పాఠంలో ఆర్గ్యుమెంట్ అంటే ఫంక్షన్‌కు అందించే విలువ. సరోజనకు తెలిసిన ఆర్గ్యుమెంట్ మాత్రం కొట్లాట. కొట్లాట దాకా వచ్చిందంటే సంగతి చాలా దూరం పోయినట్టే. మొగుణ్ణి అడిగితే నిజం చెప్తాడా ఏమన్నా? అతని సైకిల్ మలుపు తిరగగానే కొంగు దోపుకొని బయల్దేరింది.

భారతి వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. మా ఆయన నిన్న ఇటు వచ్చాడా అని సరోజన ఏమీ ఎరగనట్టు అడిగింది. వచ్చాడని చెప్పింది భారతి. ఇంట్లో చెప్పొద్దన్నాడని కూడా అమాయకంగా కలిపింది. పరీక్ష భయంతో జ్వరం తగిలి సూది వేయించుకున్నాడు పాపం, భార్య నవ్వుతుందని దాచాడు. ఆ మాట చెప్పేలోపే లోపలినుంచి ఆమె మొగుడు బుచ్చిరాములు ఊడిపడ్డాడు. వాకిట్లో కొత్త చెప్పుల జత కనబడినా అనుమానపడే మనిషి.

"చెప్పొద్దన్నడా? ఎందుకు చెప్పొద్దంట?"

భారతి సూది సంగతి చెబుతూనే ఉంది, వినే ఓపిక ఇద్దరికీ లేదు. కైలాసాన్నే నిలదీద్దామని ఆఫీసుకు రిక్షా పిలిచారు. మాట పడ్డాక ఇంట్లో ఎలా కూర్చుంటానని ఆమె కూడా రిక్షా ఎక్కింది.

వాళ్ళు ఆఫీసు గుమ్మంలోకి వచ్చేసరికి సారంగపాణి సారు పరీక్షలో చివరి ప్రశ్న అడుగుతున్నాడు. కైలాసం రోజూ తప్పు చెప్పే ప్రశ్న అదే.

"భారతి కాడికి పోకముందు కైలాసంల అయిదున్నది. లోపల భారతి దాన్ని రెట్టింపు చేసింది. బయటికొచ్చినంక కైలాసంల ఎంతుంటది?"

"చూసినవా సరోజనా, సారుకు గూడ ఎర్కే," అన్నాడు బుచ్చిరాములు.

కైలాసం వెనక్కి చూశాడు. భార్య, భారతి, భారతి మొగుడు. నేర్చుకున్నదంతా ఎటు పోయిందో పోయింది. పరకాల బస్సు కళ్ళముందు కనబడింది.

సరోజనకు దుఃఖం, కోపం కలిసి వచ్చాయి. "ఏం మారుతడు సార్ ఈ మనిషి? ఎవలకాడికన్న పోనీ, ఎవలేమన్న చెయ్యనీ, పోయినోడు పోయినట్టే ఇంటికొస్తడు. పెండ్లయిన కాడికెల్లి చూస్తాన."

కైలాసం ముఖం వెలిగింది. "అయిదే సార్! భారతి కాడికి పోయింది నకలు. అసలు మారది."

సారు పాసైనట్టు తల ఊపి, నెత్తి పట్టుకుని ముగ్గురినీ కూర్చోబెట్టి సంగతంతా విడమరిచాడు. బుచ్చిరాములు నేల చూపులు చూశాడు. భారతి అతన్ని వదిలేసి ఒక్కతే రిక్షా ఎక్కి వెళ్ళిపోయింది.

సైకిల్ వెనక కూర్చుని ఇంటికి వస్తున్నంతసేపూ సరోజన ఆలోచిస్తూనే ఉంది. గల్లీ మొదట్లో మొగుడి వీపు మీద తట్టింది.

"మంచిగనే ఉన్నది. నకలు భారతి కాడికి పోయినంతసేపు, అసలు యాడ తిరుగుతాండు?"

ఆ ప్రశ్న సిలబస్‌లో లేదు.