గేదెలు టూర్ ప్రోగ్రాం చదవాలి

మీ అబ్బాయికి పేడ వాసన పడదా? గేదె తల ఊపితే చాలు, అరుగెక్కి కూర్చుంటాడా? అయితే ఇంకేమీ ఆలోచించకండి, వెంటనే పశువైద్య కళాశాలలో చేర్పించండి! పశువుల బారి నుంచి మనిషిని శాశ్వతంగా కాపాడే చదువు అదొక్కటే.

నేను ఆ చదువు చదివినవాణ్ణే. నెల్లూరు సముద్రతీరాన ఒక పంచాయతీ సమితిలో పశుసంవర్ధక విస్తరణాధికారిని. సమితి పేరు చెప్పను, బదిలీ చేస్తారు. చేరి మూడేళ్ళయింది. ఇంతవరకూ నా చొక్కాకు పేడ మరక అంటలేదు.

కాలేజీలో మాత్రం కొంత కష్టం తప్పదు. ఆవు పొట్టలో నాలుగు గదులుంటాయి, నాలుగింటి పేర్లూ బట్టీ పట్టాలి. గుర్రం ఎముకలు లెక్కపెట్టాలి. అడ్డం తిరిగిన దూడను ఎలా బయటికి తీయాలో మా ప్రొఫెసరుగారు నా చేత పదకొండుసార్లు చేయించారు. ఉద్యోగంలో దీనితో పని ఉండదని తెలియక నేనూ శ్రద్ధగా నేర్చుకున్నాను. మీవాడికి ముందే చెప్పి పంపండి.

పట్టా చేతికొచ్చాక అంతా సుఖమే! నా సహపాఠి హజరత్తయ్య ఒక పెద్ద ఆఫీసులో కూర్చుని కోళ్ళ మీద వచ్చే ఉత్తరాలకు జవాబులు రాస్తాడు. కోడిని కూరలో తప్ప చూడడు. ఇంకొకాయన పశుప్రదర్శనలకు మంత్రులు వచ్చినప్పుడు ఎద్దుల కొమ్ములకు రంగు సరిగా పడిందో లేదో చూస్తాడు. నేను పశుగణన కాగితాలు నింపుతాను, మరుగుదొడ్ల ప్రచారం చేస్తాను. సమితి ప్రెసిడెంటుగారి కుక్క దగ్గితే మాత్రం నన్ను జీపులో తీసుకుపోతారు.

మరి జబ్బుచేసిన పశువుల్ని ఎవరు చూస్తారంటారా? ఆసుపత్రిలో కాంపౌండరు నాగుల్ మీరా ఉన్నాడు. అతను ఏ కాలేజీకీ పోలేదు గనుక అతనికి తీరిక ఉంది.

ఈ సుఖానికంతటికీ ఆధారం అడ్వాన్స్ టూర్ ప్రోగ్రాం. వచ్చే నెల ఏ తారీఖున ఏ ఊళ్ళో ఉంటామో ఈ నెలలోనే రాసి పంపాలి. ఆమోదమై వచ్చాక అక్షరం మారకూడదు. ఎంత గొప్ప ఏర్పాటు! మనుషులమంతా పాటిస్తున్నాం. గేదెలే ఇంకా అలవాటు పడలేదు. పై అధికారుల్ని అడక్కుండా వాటికి తోచిన రోజున ఈనేస్తున్నాయి!

మొన్న పద్నాలుగో తారీఖున నా ప్రోగ్రాం సముద్రం ఒడ్డున జాలర్ల పాలెంలో పడింది. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా పచ్చిగడ్డి పెంపకం మీద ఉపన్యాసం. ఆ పాలెంలో ఉన్నవి పడవలూ, వలలూ. ఒక్క పశువు లేదు. ఆ ఇసకలో గడ్డి మొలవదు. అంతమాత్రాన ఉపన్యాసం ఆపుతామా? వలలు బాగుచేసుకుంటున్న పదిమంది మర్యాదకు నా ముందు కూర్చున్నారు. వాళ్ళలో పెద్దవాడు ముత్యాలయ్య, వలలకు ఏ గడ్డి వేస్తే మంచిదో కూడా చెప్పమని వినయంగా అడిగాడు.

పది గంటలకు చెంచమ్మ వచ్చింది. రెండు మైళ్ళ అవతల ఊరు. మొగుడు పోయాక ఒక్క గేదె పాలు అమ్ముకుని బతుకుతున్న మనిషి. ఇసకలో పరిగెత్తుకొచ్చి రొప్పుతోంది.

"సామీ, తెల్లారినప్పటి నించి బర్రె ఈనలేక అవస్థ పడతా ఉంది. కాళ్ళు రెండూ బయటికొచ్చినాయి, తల రాలా. నాగుల్ మీరా తన చేత కాదన్నాడు."

నేను ప్రోగ్రాం కాగితం తీసి చూశాను. అందులో ఆమె ఊరు ఇరవై రెండో తారీఖున ఉంది. ఆ మాటే చెప్పి, కాసేపు కూర్చోమన్నాను. చదువుకున్నవాడు చెప్పాడు గదా అని ఆమె కూర్చుంది. నేను జొన్నగడ్డి ఎప్పుడు కోయాలో వివరించి, హాజరు పట్టీలో పదిమంది చేతా వేలిముద్రలు వేయించాను. ముత్యాలయ్య వేలు తుడుచుకుంటూ, నా మొహం చూడకుండా అన్నాడు.

"గడ్డి యాడికీ పోదు సార్. ఆ యమ్మతో పొండి."

అప్పుడు లేచాను. పదకొండయింది.

చెంచమ్మ కొట్టంలో చొక్కా విప్పి, చేతికి ఆముదం రాసుకుని భుజం దాకా లోపలికి పెట్టాను. దూడ తల వెనక్కి మడుచుకుపోయి ఉంది. మూడేళ్ళయినా నా చెయ్యి ఏదీ మరిచిపోలేదు. దూడను కాస్త వెనక్కి నెట్టి, మూతి పట్టుకుని తల తిప్పి బయటికి లాగాను. ఆడదూడ. కళ్ళింకా మబ్బుపట్టలేదు, అంటే చచ్చిపోయి ఎంతోసేపు కాలేదు. గేదె మాత్రం బతికింది. దూడ లేకపోతే అది పాలు చేపదు గనుక, చచ్చిన దూడ తోలు వొలిపించి గడ్డి కూరించుకుంటానంది చెంచమ్మ.

ఆమె నా చేతుల మీద నీళ్ళు పోస్తూ అడిగింది. "ఇది కూడా చదువులో చెప్తారా సామీ? మీది రాతకోతల పని అనుకుంటిమే."

మెచ్చుకుంటూనే అడిగింది. నాకు తలెత్తి ఆమెను చూడాలంటే సిగ్గేసింది.

వారం తిరక్కుండా మెమో వచ్చింది. ఒంటిగంట దాకా పాలెంలో ఉండవలసినవాణ్ణి పదకొండుకే ఎందుకు వెళ్ళిపోయానో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. ఇచ్చాను. తప్పయిందని ఒప్పుకున్నాను.

పది గంటలకు ఆమె వచ్చి పిలిస్తే పదకొండు దాకా ఎందుకు కదల్లేదని మాత్రం మెమోలో అడగలేదు. చెంచమ్మ కూడా అడగలేదు. ఎవరైనా అడిగితే బాగుండును.