ఇంటాయన ముఖం

గాజువాకలో అద్దెకుంటున్న సన్యాసినాయుడి ముఖం మంగళవారం పొద్దున్న, పళ్లు తోముకుంటుండగా, ఇంటి ఓనరు త్రినాథరావు ముఖంగా మారిపోయింది. నిబంధన ప్రకారం కిందటి నెలలోనే మారాల్సింది. పన్ను ఆఫీసులో సిబ్బంది తక్కువ.

కారణం మామూలే. త్రినాథరావు మస్కట్‌లో వెల్డింగ్ ఫోర్‌మన్. ఓనరు విదేశంలో ఉంటే, అద్దెకున్నవాడే అద్దెలోంచి పన్ను పట్టుకుని సర్కారుకు కట్టి, మిగిలింది పంపాలి. నాయుడు మర్యాదస్థుడు. ఇంటాయన సొమ్ములో చెయ్యి పెట్టడమేమిటని ప్రతి నెలా పైసా తగ్గకుండా పంపేవాడు. మర్యాద వెనక భయం కూడా ఉంది. కూతురు పదో తరగతి పరీక్షలు రాసేదాకా ఇల్లు కదలకూడదు, అదొక్కటే అతని కోరిక. కానీ అలా బాకీపడ్డ పన్ను అడగాలంటే సర్కారుకు ఎదురుగా ఓనరు ముఖం ఉండాలి కదా. దొరికినవాడికి తగిలించారు.

నాయుడు ఆదాయపు పన్ను ఆఫీసుకు పరిగెత్తాడు. గుమాస్తా తలెత్తి, "రండి త్రినాథరావుగారూ, కూర్చోండి" అన్నాడు.

"నేను నాయుడినండి బాబూ. అద్దెకుంటన్నోణ్ణి."

"అందరూ అలాగే అంటారు. పన్ను కట్టెయ్యండి. ముఖం వెనక్కి తీసుకునే ఏర్పాటు మాత్రం మా దగ్గర లేదు."

అప్పు చేసి కట్టాడు. మస్కట్‌కు ఫోన్ చేస్తే త్రినాథరావు నిమ్మళంగానే ఉన్నాడు.

"నాకిక్కడ ముఖంతో పనేటుంది నాయుడూ? గేటు కాడ కార్డు సూత్తారంతే. నీ కాడే ఉండనీ. అద్దె మాత్రం ఒకటో తారీకుకి పంపించీ."

నాయుడి భార్య వరాలు రెండు రోజులు తలుపు చాటునుంచి మాట్లాడి, తర్వాత అలవాటు పడింది. అయితే ఓనరు ముఖం ఊరికే ఉంటుందా? గోడకి మేకు ఎవరు కొట్టారని ఆ ముఖం అడిగింది. మోటారు అంతసేపు వేస్తారా అని అరిచింది. చూడ్డానికొచ్చిన వరాలు తల్లిని, ఇంకా ఎన్నాళ్లుంటారని నిలదీసింది. నాయుడికి సిగ్గేసింది. స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాడు. ఏడుస్తూనే, నీళ్లు వృథా అవుతున్నాయని కుళాయి కట్టేశాడు.

అప్పు కిస్తీ కట్టేసరికి ఆ నెల అద్దె ఆలస్యమైంది. నాయుడు చెప్పులు తొడుక్కుని బయటికెళ్లి, తన తలుపు తనే కొట్టాడు. వరాలు తీసింది.

"ఇల్లు ఖాళీ చేసీండి. ఒకటో తారీకు దాకా టైమిస్తన్నాను."

"పిల్ల పరీచ్చలున్నాయి కదేటండి!"

"మాటంటే మాటే."

తర్వాత చెప్పులు విప్పి లోపలికొచ్చి, గిన్నెలు మూటకట్టడంలో ఆవిడకి సాయం చేశాడు.

"ఆయన్నేటనుకుంటాంలేవే," అన్నాడు ముడి బిగిస్తూ. "ఇల్లాయనిది."

మర్నాడు గేటుకి టులెట్ బోర్డు కూడా అతనే కట్టాడు. పూర్తి అద్దె పంపే మర్యాదస్థులకు మాత్రమే అని కింద రాశాడు. సాయంత్రానికి ముగ్గురొచ్చారు. ముగ్గురూ మర్యాదస్థులే. మూటల మీద కూర్చుని లెక్కలు చేసుకుంటున్న పిల్లని చూసి, చాలా మెల్లగా అడిగారు.

"ఎప్పుడు కదుల్తారమ్మా?"