గరిటెను మింగిన పేజీ

ఆ శ్రావణ శుక్రవారం పొద్దున్నే యామిని ఒక నిర్ణయానికి వచ్చింది. ఇవాళ నాన్న చేత కంప్యూటర్ కొనిపించి తీరాలి. నాన్నంటే జగ్గయ్యపేటలో స్టీలుసామాన్ల కొట్టున్న దశరథరామయ్య. రూపాయి తీయాలంటే ఆయనకు ప్రాణం పోయినంత పని.

"నందిగామ కంప్యూటర్ కోర్సులో నేర్చుకుని నువ్వు చేసే ఆ వెబ్ పేజీ చూసి బేరాలొస్తే కంప్యూటర్ కొంటా. రాకపోతే కోర్సు మానేసి కొట్లో కూర్చో" అన్నాడాయన.

అది 2002వ సంవత్సరం. ఊళ్లో నెట్ చూసేవాళ్లు బహు తక్కువ. అందుకని పేజీని ప్రింటు తీసి, జిరాక్సులు వేయించి బస్టాండులో పంచాలనుకున్నారు. కొట్టు పక్కనే ఉన్న నెట్ సెంటర్లో కూర్చుని యామిని తండ్రి చెప్పినట్టే కొట్టింది: "మా కొట్లో కుక్కర్లు ఐదు కొన్నవారికి స్టీలు గరిటె ఉచితం." అంతకుమించిన దానం ఆయన వంశంలో ఎవరూ చేసి ఉండరు.

కొట్టిన చోట అంతా సరిగ్గానే కనబడింది. పేజీని బ్రౌజరులో తెరిచి, చదవకుండానే ప్రింటిచ్చి, పిల్ల నిశ్చింతగా టిఫినుకు వెళ్లింది. కంప్యూటర్ తప్పు చెయ్యదని నమ్మిన తండ్రి, కళ్లజోడు కూడా పెట్టుకోకుండా కాగితాలు పంచేశాడు.

మధ్యాహ్నానికి ముక్త్యాల బస్సు మొత్తం కొట్టు ముందు దిగింది. అందరికంటే ముందు ఆ ఊరి బసవమ్మ.

"శెట్టిగారూ, నా కుక్కరు ఇప్పించండి."

"ఏ సైజమ్మా?"

"ఊరికే ఇచ్చేదానికి సైజేంటండీ? పెద్దదే ఇవ్వండి!"

ఆవిడ చూపించిన కాగితంలో "మా కొట్లో కుక్కర్లు ఉచితం" అని ఉంది. దశరథరామయ్య కళ్లజోడు వెతుక్కుని చదివాడు.

"సవరణ కొట్టవే అమ్మాయ్!" అని అరిచాడు. యామిని పరుగున వెళ్లి కొట్టింది: "కుక్కర్లు, గిన్నెలు ఐతే ఊరికే ఇవ్వం. గరిటె మాత్రమే ఉచితం." ప్రింటరులోంచి కాగితాలు వస్తుండగానే తండ్రి లాక్కుని వెళ్లి జనానికి పంచాడు.

దాంట్లో ఇలా ఉంది: "కుక్కర్లు, గిన్నెలు మాత్రమే ఉచితం."

ఆ కబురు పాకి ఇక గరికపాడు లారీ డ్రైవర్లు కూడా గిన్నెల కోసం వచ్చారు.

"మూసెయ్, కోర్సూ వద్దు, కంప్యూటరూ వద్దు!" తండ్రి షట్టరు మీద చెయ్యి వేశాడు.

"ఒక్క పది నిమిషాలాగు నాన్నా. ఇది నా తప్పే, నేనే దిద్దుతా" అంది యామిని. కోర్సు పుస్తకం తీసి, సినిమాకు పోయి ఎగ్గొట్టిన క్లాసు పాఠం తెరిచింది.

సంగతి అక్కడ దొరికింది. ఆమె వాడిన తెలుగు ఫాంటులో అక్షరాలన్నీ లోపల ఇంగ్లీషు గుర్తులే. 'ఐ' వెనక ఉన్నది '<', 'టె' వెనక ఉన్నది '>'. ఆ రెండింటి మధ్య ఏముంటే అది తనకిచ్చిన ఆజ్ఞ అనుకుని బ్రౌజరు గుటుక్కున మింగేస్తుంది, పైకి చూపించదు. మొదటి గుర్తునే చూపించాలంటే దాని బదులు ఆంపర్‌సాండ్, ఎల్, టి, సెమికోలన్ వరసగా కొట్టాలి. రెండోదానికి ఎల్ బదులు జి.

మొదటి ప్రకటననే అలా దిద్ది ప్రింటు తీసి, ఈసారి తానే చదువుకుని, స్టూలెక్కి జనానికి గట్టిగా వినిపించింది. ఇక రాళ్లే తరువాయి అనుకున్నాడు దశరథరామయ్య.

"ఐదు కొంటే గరిటె ఇస్తారా?" అంది బసవమ్మ. బస్సు చార్జీ పెట్టుకుని వచ్చి ఉత్త చేతులతో పోవడం ఆవిడకు చిన్నతనం. "ఏమర్రా, తలా ఒకటి తీసుకుంటే ఐదయిపోవూ? రండి!"

జనం ఐదుగురేసి జట్లు కట్టారు. చీకటి పడేసరికి కొట్లో కుక్కరన్నది లేదు. దశరథరామయ్య మూలుగుతూనే మాట నిలబెట్టుకున్నాడు. మర్నాడే కంప్యూటర్ ఆర్డరిచ్చాడు.

గరిటె ఎవరింట్లో ఉండాలన్న తగువు మాత్రం ముక్త్యాలలో ఇప్పటికీ తేలలేదు.