తవుడు ఫ్లేక్స్ మాయం

“నేరస్తుడు రెక్కలు కట్టుకుని ఎగిరిపోతే నేనేమీ చేయలేకపోవచ్చు. కానీ కాలు నేల మీద పెట్టాడో, నా చేతికి చిక్కినట్టే,” అని ప్రకటించాడు డేగ, మా గుమ్మంలో గొంతుక్కూర్చుని ఇంటిల్లిపాది చెప్పులూ ఒక్కొక్కటే ఎత్తి వాసన చూస్తూ.

డేగ అన్నది వాడి పేరు కాదు. తనకి తానే ఇచ్చుకున్న బిరుదు. చేసేది చెప్పుల షాపులో సేల్స్‌మన్ ఉద్యోగం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జనం కాళ్ల దగ్గర కూర్చుని కొలతలు తీస్తాడు. అసలు డేగ ఆకాశంలోంచి కింద ఉన్నవన్నీ చూస్తుందంటారు. మావాడు కింద ఉన్నది తప్ప ఇంకేదీ చూడడు. ఒకసారి సొంత చెల్లెలు కొత్త చెప్పులు వేసుకుని ఇంటికొస్తే, ఎవరు కావాలండీ అని అడిగాడు. క్రితం కేసులో పక్కింటాయన గొడుగు దొంగని పట్టుకుంటానని పోస్ట్‌మన్‌ని ఒక పూటంతా వరండాలో నిలబెట్టాడు. గొడుగు పక్కింటాయన మోచేతికే వేలాడుతోంది. బళ్లో ఒకే బెంచీలో కూర్చున్న పాపానికి వీడి వెనకాల తిరిగి అందరికీ క్షమాపణలు చెప్పడం నా వంతు.

ఈసారి వాణ్ణి పిలిపించింది మాత్రం నేను కాదు, మా అత్తగారు.

అత్తగారూ మామగారూ మాతోనే ఉంటారు. మామగారు ఓడరేవులో క్రేన్ నడిపి రిటైరయ్యారు. ఆమధ్య ఒక ఉదయం కళ్లు తిరిగి బాత్రూంలో పడిపోయారు. రక్తంలో చక్కెర హద్దు దాటిందని తేలింది. పొద్దున తినే తిండి మార్చండి, మళ్లీ పరీక్ష చేసినప్పుడు కూడా ఇలాగే ఉంటే ఇక రోజూ ఇంజెక్షనే అన్నాడు డాక్టరు. ఆ రోజు నుంచి అత్తగారికి కంటిమీద కునుకు లేదు. ఆ పరీక్ష ఇంకెంతో దూరంలో లేదు.

ఏం తినాలో డాక్టరు విడమరచి చెప్పలేదు. పాలల్లో వేసుకు తినే హెల్తీ సీరియల్ ఏదైనా కొనుక్కోండి అని ఊరుకున్నాడు. ఆ ‘ఏదైనా’ ఎంత పెద్ద మాటో సూపర్‌మార్కెట్‌లో ఆ వరస ముందు నిలబడితే గానీ తెలియదు. నేల నుంచి తల పైదాకా పెట్టెలే. ప్రతి పెట్టె మీదా ఒక మనిషి పరుగెడుతుంటాడు, లేకపోతే ఒక గుండెకాయ నవ్వుతుంటుంది. అత్తగారు సంచీలోంచి భూతద్దం తీసి పెట్టెల్ని ఒక్కొక్కటే వెనక్కి తిప్పి విచారణ మొదలుపెట్టారు. ముందు వైపు ‘తేనె గుణాలతో’ అని రాసి ఉన్నదానికి వెనక వైపు చక్కెర. ‘చక్కెర కలపలేదు’ అని గొప్పలు పోయినదానికి వెనక పాకం, పళ్లరసం, ఇంకా నోరు తిరగని పేర్లతో రెండు మూడు రకాల తీపి. వెరసి అన్నిట్లోనూ ఉన్నది ఒకే మనిషి, మారుపేర్లతో తిరుగుతున్నాడు. నేను ట్రాలీ మీద మోచేతులు ఆనించి, నిలబడే ఒక కునుకు తీశాను.

ఆఖరికి అన్నిటికంటే కింది అరలో ఒక గోధుమరంగు పెట్టె దొరికింది. దాని మీద ఎవరూ పరుగెత్తడం లేదు. లోపల గోధుమ తవుడు ఫ్లేక్స్ తప్ప ఇంకేమీ లేదు. నోట్లో వేసుకుంటే, లోపలి సరుకు తింటున్నామో అట్టపెట్టె తింటున్నామో చెప్పడం కష్టం. ఆయన ఒక్కరూ తింటే ఆయనకి బాధగా ఉంటుంది, ఇకనుంచి ఇంట్లో అందరికీ ఇదే అని అత్తగారు తీర్పు చెప్పేశారు. నేనూ మా ఆవిడా మొహమొహాలు చూసుకున్నాం.

మరుసటి శనివారం వెళితే ఆ అర ఖాళీ. ఆపై వారమూ అంతే. మేనేజరు కంప్యూటరు చూసి, సరుకు ఉందే, అమ్ముడుపోలేదే అని బుర్ర గోక్కున్నాడు. ఊళ్లో ఇంకెక్కడా ఆ రకం దొరకదు. గత్యంతరం లేక అత్తగారు తేనె ఫ్లేక్స్‌తోనే ఇంటికొచ్చారు. పోనీలే, మన ప్రాప్తం ఇంతే, నువ్వేం బెంగ పెట్టుకోకు అని మామగారు ఆవిణ్ణి ఓదారుస్తూ రెండు గిన్నెలు లాగించారు. ఆ ఓదార్పు విన్నప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది. నేనూ తేనె ఫ్లేక్స్ నముల్తూ ఉండటం వల్ల రాలేదు.

“దీని వెనక పెద్ద హస్తం ఉంది,” అన్నాడు డేగ, కథంతా విని, నా బూటు కింద పెడుతూ. “ఊరి ఆరోగ్యాన్ని దెబ్బతీసే కుట్ర. తవుడు మాఫియా.”

అత్తగారి మొహం పాలిపోయింది. మామగారు పేపరు కాస్త పైకి ఎత్తి పట్టుకున్నారు.

ఆ శనివారం మధ్యాహ్నం అత్తగారూ, డేగా, నేనూ సూపర్‌మార్కెట్‌కి వెళ్లాం. డేగ మారువేషంలో ఉన్నాడు. అంటే నల్ల కళ్లద్దాలు. మామూలుగానే ఏమీ కనపడని మనిషికి ఆ కాస్త వెలుతురూ పోయింది. సీరియల్ వరసలో నేల మీద వంగి, ఒక ఆడమనిషి హైహీల్స్ వెనకాల సబ్బుల వరస దాకా వెళ్లాడు. ఆవిడ హఠాత్తుగా ఆగింది. ఆవిణ్ణి తప్పించబోయి వీడు పక్కకి తూలి, బట్టల సబ్బుపొడి ప్యాకెట్లున్న అర మీద నిలువునా పడ్డాడు. ప్యాకెట్లన్నీ దభదభా రాలిపోయాయి. వాటి వెనక, గోడకి ఆనించి బుద్ధిగా పేర్చిపెట్టి ఉన్నాయి మా గోధుమరంగు పెట్టెలు.

మేనేజరు నోరు తెరిచాడు. అత్తగారు కళ్లు తుడుచుకున్నారు.

“ఇక్కడే ఉంటాయని నాకు మొదటి నుంచీ తెలుసు,” అన్నాడు డేగ, నోట్లోంచి సబ్బుపొడి ఊస్తూ.

అంతకు ముందే చిరిగిన ప్యాకెట్ ఒకటి మూలలో ఉంది. దాని పొడి నేల మీద పరుచుకుని, అందులో ఒకే ఒక్క మడమ ముద్ర పడి ఉంది. మావాడి శరీరం ఆ ఒక్క చోట పడకపోవడం విశేషం. ముద్ర చివర చంద్రవంక ఆకారంలో ఒక అతుకు గుర్తు. అది చూడగానే డేగ బిగుసుకుపోయాడు. నా వంక చూశాడు, అంటే నా కాళ్ల వంక చూశాడు. నేను ఆ పూట చెప్పులేసుకొచ్చాను. ఏం రా అన్నాను. రేపు పొద్దున టిఫిను వేళకి అందరూ బల్ల దగ్గర ఉండాలి, నేరస్తుడి ముసుగు తీస్తాను అన్నాడు. ఇప్పుడే తీయొచ్చు కదా అన్నాను. సస్పెన్స్ ఒక పూటైనా నానాలట.

ఆదివారం పొద్దున బల్ల మీద గోధుమరంగు పెట్టె కొలువుతీరింది. నలుగురి ముందూ నాలుగు గిన్నెలు, పాలు. అత్తగారు మామగారికి ఎదురుగా కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆయన్నే చూస్తున్నారు. ఆయన చెంచా ఎత్తడం, ఆవిడ కళ్లు దాంతోపాటు పైకి వెళ్లడం, ఆయన చెంచా మళ్లీ గిన్నెలోనే దించేయడం. మొదటి తవుడు పెట్టె ఉన్న వారమంతా మా ఇంట్లో రోజూ జరిగింది ఇదే. అలవాటైపోయి నేను పట్టించుకోవడం మానేశాను.

డేగ చంకలో నా ఆఫీసు బూట్లు పెట్టుకుని వచ్చాడు.

“ఈ ఇంట్లోనే ఒక ద్రోహి ఉన్నాడు,” అన్నాడు. “ఆ ముద్రలో ఉన్న చంద్రవంక అతుకు నేను స్వహస్తాలతో అంటించినది. ఊరు మొత్తం మీద అలాంటిది ఒక్క బూటుకే ఉంది. అమ్మా, మీ అల్లుడే దొంగ. నా ప్రాణస్నేహితుడు. అయినా డేగకి స్నేహం లేదు.”

మా ఆవిడ నా వైపు చూసిన చూపు గురించి రాయను. అత్తగారు మాత్రం కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

“మీకు నచ్చకపోతే నాతో ఒక్క మాట చెప్పాల్సింది బాబూ. మీకు వేరే చేసిపెట్టేదాన్ని కదా. ఆయన ఒంటి సంగతి తెలిసి కూడా...” అని ఆపేశారు.

నేను కాదు అని అనబోయాను. అప్పుడు మామగారి వంక చూశాను. తేలు కుట్టిన దొంగలా గిన్నెలోకే చూస్తున్నారు. శనివారం పొద్దున, మేం సరుకులకి బయల్దేరకముందే, ఆయన నా బూట్లు వేసుకుని సూపర్‌మార్కెట్ వైపు వాకింగ్‌కి వెళ్తారు. ఆయన చెప్పుల టపటప వీధి చివర ఉండగానే అత్తగారు గుర్తుపడతారు మరి. క్షణంలో నాకు అంతా అర్థమైంది. నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత ఆయన చెంచాతో ఒకే ఒక్క ఫ్లేక్‌ని గిన్నె చుట్టూ తిప్పుతుండటం చూసి ఆ కోపం నిలవలేదు. చెబితే ఆ ఇద్దరి మధ్యా ఏమవుతుందో, చెప్పకపోతే నా బతుకేమవుతుందో లెక్క వేసుకుంటూ నోరు మూసుకున్నాను.

“మౌనం ఒప్పుకోలు,” అన్నాడు డేగ. “ఇక ఆఖరి సాక్ష్యం. బూటు అబద్ధమాడదు.” అంటూ బూటూ, మడమ బూటులోకి జారడానికి పెట్టే షూ హారన్, తన జేబులో ఎప్పుడూ ఉండేది, అదీ పట్టుకుని బల్ల కింద దూరాడు. టేబుల్ క్లాత్ వాడి వెనక పడిపోయింది. అక్కణ్ణుంచి గొంతు ఒక్కటే వినపడుతోంది.

“కాలు ఇలా ఇవ్వండి సార్. వదులుగా పెట్టండి. ఆ, చూశారా, వెన్నలా దిగింది. బొటనవేలి దగ్గర అట్ట మడిచి పెట్టుకున్నారు, మంచి పని చేశారు. ఏడో నంబరు కాలికి తొమ్మిదో నంబరు బూటు కాబట్టి లేకపోతే నడకలో ఊడుతుంది. అట్ట కాస్త పలచనైంది, మార్చమంటారా?” వాడు పూర్తిగా షాపులో ఉన్నాడు. కాస్సేపు గరగరమని చప్పుడు. “ఈ అట్ట మీద తవుడు ఫ్లేక్స్ అని ఉంది. పెట్టె మూత చింపి పెట్టుకున్నాడు. ఇంకేం కావాలి? అమ్మా, నేరం చేసిన కాలు ఇప్పుడు నా చేతిలో ఉంది.”

అత్తగారు నా కాళ్ల వంక చూశారు. కుర్చీలో బాసీపట్టు వేసుకుని కూర్చోవడం నా అలవాటు. నా రెండు కాళ్లూ కుర్చీ మీదే, నా ఒళ్లోనే ఉన్నాయి. ఆవిడ మెల్లగా మొహం తిప్పి మామగారి వైపు చూశారు. ఆయన బల్ల అంచు పట్టుకుని కాస్త ఒక పక్కకి ఒరిగి కూర్చుని ఉన్నారు, ఒక కాలు ఎవరో లాగి పట్టుకున్న మనిషి కూర్చునేలాగే.

డేగ టేబుల్ క్లాత్ ఎత్తి తల బయటపెట్టాడు. తన చేతిలో ఉన్న పాదం వెంట కంటిచూపుని మెల్లగా పైకి జరుపుకుంటూ మామగారి మొహం దాకా వచ్చాడు. జీవితంలో వాడు అంత ఎత్తు చూడటం అదే మొదటిసారి అనుకుంటాను.

“ఇదంతా నేను పన్నిన వలే,” అన్నాడు, పాదం వదలకుండానే. “అల్లుడి మీద అనుమానం ఉన్నట్టు నటించాను.”

వాడి గొడవ ఎవరికీ పట్టలేదు. మామగారు చెంచా పక్కన పెట్టారు.

“తవుడంటే నాకేం భయం లేదే,” అన్నారు అత్తగారితో. “తింటాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ క్రేన్ పైన ఆ గదిలో ఒక్కణ్ణే కూర్చుని తిన్నవాణ్ణి. ఇప్పుడు ప్రతి చెంచాకీ నువ్వు నా మొహంలోకి అలా చూస్తుంటే, అదే నా ఆఖరి చెంచా అన్నట్టు ఉంటుంది నాకు. ఆ తేనెది తినేటప్పుడు నువ్వు విసుక్కుంటావు, తిడతావు. అది బాగుంటుంది. ఇది పెట్టినప్పుడే అలా చూస్తావు.”

అత్తగారు చాలా చిన్న గొంతుతో, “మీరు పడిపోయిన రోజు నేను చూళ్లేదు కదా. వంటింట్లో రేడియో పెట్టుకుని ఉన్నాను,” అన్నారు.

మా ఆవిడ కళ్లొత్తుకుంది. నేను నా గిన్నెలోకి వంగి ఫ్లేక్స్ లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

అత్తగారు లేచారు. తన కుర్చీని గర్రున తిప్పి, కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నారు. ఆయనకి ఆవిడ వీపూ, ముడీ మాత్రమే కనపడుతున్నాయి.

“తినండి. చూడను,” అన్నారు.

మామగారు పాలు పోసుకున్నారు. మొదటి చెంచా నోట్లో పెట్టుకున్నారు. ఆ ఫ్లేక్స్ నమిలితే అవతలి గదిలోకి వినపడుతుంది. ఆయన నమలడం ఆపగానే అత్తగారి భుజాలు బిగుసుకున్నాయి. తల తిప్పబోయి, మాట ఇచ్చానని గుర్తొచ్చిందేమో, ఆగిపోయారు. ఇంకో చెంచా కరకరమనగానే భుజాలు దిగాయి. అది నేనే కాదు, మామగారూ చూశారు. ఆ తర్వాత ఆయన నోరు బాగా తెరిచి, అవసరం లేనంత గట్టిగా, వీధిలోకి కూడా వినపడేలా నమలడం మొదలుపెట్టారు. ఈ చప్పుడేమిటి, అనుమానాస్పదంగా ఉందే అని డేగ నా చెవిలో అడిగాడు. నోరు మూసుకోమన్నాను.

అత్తగారు కిటికీలోంచి బయటికే చూస్తూ అన్నారు.

“మెల్లగా తినండి. పొలమారుతుంది.”